గాజు సైజు తెచ్చిన తగవు: ఏడో తరగతి లెక్కలతో నా ఏడాది

2024-25లో గుంటూరులోని ఒక పురపాలక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి లెక్కలు చెప్పాను. పిల్లలు నలభైకి పైనే. లెక్కల తరగతిని ఆసక్తిగా నడపాలని శిక్షణ శిబిరాల్లో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా నడిపితే ఎవరికి కోపం వస్తుందో, ఎంత ఖర్చవుతుందో, ఎప్పుడు నీరసం ముంచుకొస్తుందో చెప్పేవాళ్లు మాత్రం నాకు దొరకలేదు. ఆ ఏడాది జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఆ సంవత్సరం కొత్త ప్రభుత్వ ప్రమాణ స్వీకారం కారణంగా బడులు ఒక రోజు ఆలస్యంగా జూన్ 13న తెరిచారు. పుస్తకాలు పంచి, పేర్లు రాసుకునే హడావుడి తగ్గాక ఒక కాగితం మీద అయిదో తరగతి స్థాయి లెక్కలు కొన్ని ఇచ్చాను. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కూడమంటే సగానికి పైగా రెండు బై అయిదు అని రాశారు. ఇందులో వింతేమీ లేదు, ఏటా చూసేదే. కానీ ఆ రోజు ఒక అబ్బాయిని నిలబెట్టి అడిగాను. "సగం రొట్టె నీ దగ్గర ఉంది. దానికి ఇంకో ముక్క కలిపాను. ఇప్పుడు సగం కంటే ఎక్కువ ఉంటుందా, తక్కువా?" ఎక్కువే అన్నాడు. "రెండు బై అయిదు సగం కంటే ఎక్కువా?" కాసేపు ఆలోచించి తక్కువ అన్నాడు. "మరి?" అంటే, ఏమాత్రం తడబడకుండా, "లెక్కలో అంతే వస్తుంది మేడమ్" అన్నాడు. మిగతావాళ్లు కూడా తలలూపారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వీళ్లకు తెలివి లేక కాదు. గడప బయట చెప్పులు విడిచినట్టు ఇంగితాన్ని బయట విడిచి లెక్కల తరగతికి వస్తున్నారు. నోటు పుస్తకాలు చూస్తే ముచ్చటేస్తుంది: ఎర్ర సిరాతో మార్జిన్లు, స్కేలుతో గీతలు, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దిగింది. అర్థమైంది మాత్రం శూన్యం.

జూలైలో పూర్ణసంఖ్యలు మొదలయ్యాయి. రుణ సంఖ్యల కోసం రెండు రంగుల బిళ్లలు కొందామని చూస్తే తరగతికి సరిపడా సెట్ల ధర వేలల్లో ఉంది. అప్పుడు చింతపిక్కలు గుర్తొచ్చాయి. అష్టాచెమ్మాకు అరగదీసినట్టు ఒక వైపు అరగదీస్తే తెలుపు, రెండో వైపు గోధుమ రంగు. గోధుమ వైపు ధనం, తెలుపు రుణం. ఇద్దరికి ఇరవై చొప్పున నాలుగు వందలకు పైగా పిక్కలు కావాలి. పిల్లలే సంచులతో తెచ్చారు, పైసా ఖర్చు లేదు. అయితే ఒక సంగతి ముందే చెప్పాలి: గచ్చు మీద గట్టిగా రుద్దిన చింతపిక్క బాగా వేడెక్కుతుంది. దాన్ని పక్కవాడి మోచేతికి అంటిస్తే చురుక్కుమంటుంది. ఈ విద్య నేను నేర్పకుండానే మొదటి పది నిమిషాల్లో తరగతంతా పాకింది. అరగదీసే పని బడిలో పెట్టుకోకండి, ఇంటికి ఇచ్చి పంపండి.

పిక్కలతో కూడికలు సులువుగానే సాగాయి. ఒక గోధుమ, ఒక తెలుపు కలిస్తే సున్నా, రెండూ పక్కకు. అసలు పని తీసివేత దగ్గర పడింది. మూడు లోంచి రుణ రెండు తీసేయమన్నాను. బల్ల మీద మూడు గోధుమ పిక్కలే ఉన్నాయి. తెల్లవి లేనే లేవు, ఏం తీస్తాం? "లేనిది ఎలా తీస్తాం మేడమ్, తప్పు లెక్క ఇచ్చారు" అని ఒక వరుస, "అయిదు వస్తుంది, ట్యూషన్లో చెప్పారు" అని ఇంకో వరుస. ఎందుకు అయిదు అంటే ట్యూషన్ వాళ్ల దగ్గర జవాబు లేదు. నేను నోరు మెదపలేదు. చాలాసేపటికి చివరి బెంచీలో ఒక అబ్బాయి రెండు గోధుమ, రెండు తెల్ల పిక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇవి సున్నాయే కదా, పెడితే ఏమీ మారదు" అన్నాడు. తర్వాత తెల్లవి రెండూ తీసేశాడు. అయిదు గోధుమ పిక్కలు మిగిలాయి. అంతకుముందు ఆ అబ్బాయి నా తరగతిలో నోరు విప్పిన గుర్తు లేదు.

ఆ రోజే నాకొక విషయం అర్థమైంది. వాళ్లను కదిలించింది పిక్కలూ కాదు, ఆటా కాదు. రెండు జవాబులు ఎదురెదురుగా నిలబడటం, ఏది సరైనదో నేను చెప్పకపోవడం. అంతకుముందు ఒక వారం వైకుంఠపాళి పటాన్ని రుణ సంఖ్యలతో గీసి ఆడించాను. ఆట బ్రహ్మాండంగా ఆడారు, లెక్క ఒక్కటీ ఎక్కలేదు. అప్పటి నుంచి ఆటల కోసం వెతకడం తగ్గించి తగవుల కోసం వెతకడం మొదలుపెట్టాను.

తగవంటే గోల కదా. పక్క గదిలో పాఠం చెప్పే తోటి ఉపాధ్యాయుడు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్లారు, మూడోసారి ప్రధానోపాధ్యాయుల దగ్గరికి వెళ్లారు. ఆయనదీ న్యాయమే, పదో తరగతి పిల్లలకు చెప్పుకుంటున్నారు. వారంలో రెండు రోజులు నా పీరియడును మధ్యాహ్నానికి మార్చి, వరండా చివరి గదిలో పెట్టమని ప్రధానోపాధ్యాయులను అడిగాను. చూద్దాం అన్నారు. ఆ "చూద్దాం" తేలడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఒకరి పీరియడు కదిపితే నలుగురివి కదులుతాయి మరి. ఈలోగా గోల తగ్గించడానికి పలకలు కొన్నాను. మాట్లాడకూడదు, జవాబు పలక మీద రాసి ఒకేసారి పైకెత్తాలి. పలక నలభై రూపాయల చొప్పున ఇద్దరికి ఒకటి, మొత్తం ఎనిమిది వందలు దాటింది. ఏడాదిలో నేను పెట్టిన పెద్ద ఖర్చు అదే, అన్నిటికంటే పనికొచ్చిందీ అదే. పలకలు పైకి లేచిన క్షణంలో ఎవరు ఏమనుకుంటున్నారో తరగతంతా కనిపిస్తుంది. చూసి రాసేవాళ్లకు వ్యవధి ఉండదు. గోడకు బిగించిన పెద్ద తెర ఇంత పని చేయలేదు. కరెంటు ఉన్నప్పుడు అది బాగానే ఉంటుంది, కానీ దాని ముందు పిల్లలు మళ్లీ ప్రేక్షకులైపోతారు.

ఆగస్టులో ఇంకో చిక్కు వచ్చింది. ఒక తండ్రి నోటు పుస్తకం పట్టుకుని వచ్చారు. "అమ్మా, జూలై నెలంతా కలిపి నాలుగు పేజీలు కూడా లేవు. ప్రైవేటు బడిలో చదివే మా అన్నగారి అబ్బాయికి పుస్తకం నిండిపోయింది. మా వాడికి పాఠాలు జరుగుతున్నాయా?" మర్యాదగానే అడిగారు. జవాబు చెప్పడం నాకే కష్టమైంది. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేదీ నోటు పుస్తకమే. ఆ తర్వాత పీరియడులో చివరి పది నిమిషాలు రాతకు కేటాయించాను. ఆ రోజు వచ్చిన రెండు జవాబులు, ఏది నిలబడింది, ఎందుకు నిలబడింది, అంతే. పిల్లలు ఆ పేజీలకు "తగవు" అని శీర్షిక పెట్టుకున్నారు. ఆ తండ్రి మళ్లీ రాలేదు. నచ్చి రాలేదో, విసిగి రాలేదో తెలియదు.

మొదటి ఎఫ్.ఎ. (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) మార్కులు వచ్చాయి. ముందటి ఏడాదికీ దీనికీ తేడా లేదు. ఆ వారం నేను బాగా డీలా పడ్డాను. రాత్రిళ్లు కూర్చుని ప్రశ్నలు తయారుచేయడం, పొద్దున గోల, సాయంత్రానికి గొంతు బొంగురు, చివరికి అవే మార్కులు. పాత పద్ధతిలో బోర్డు నింపేస్తే ఎవరూ ఏమీ అనరు కదా అనిపించింది.

సెప్టెంబరు మొదట్లో వానలకు బడులు మూసేశారు. తెరిచాక పిల్లలు ప్రకాశం బ్యారేజీ వరద అంకె పట్టుకుని వచ్చారు: 11.43 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే ఎంత మేడమ్ అని వాళ్లే అడిగారు. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు అని చెప్పి వదిలేశాను. గుణించుకుంటే సెకనుకు మూడు కోట్ల ఇరవై మూడు లక్షల లీటర్లు వచ్చాయి. ఒకమ్మాయి దాన్ని ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాల్లోకి మార్చింది: సెకనుకు పదహారు లక్షల డబ్బాలు. తరగతి ఒక్కసారిగా సద్దుమణిగింది. విజయవాడ సింగ్‌నగర్‌లో మేనత్త ఇల్లు మునిగిన అబ్బాయి ఒకడు ఉన్నాడు. ఆ లెక్కను అక్కడితో ఆపేశాను.

దసరా సెలవులు అక్టోబరు 13తో అయిపోయాయి. తర్వాత నిష్పత్తి పాఠం. దీనికి సామగ్రి వంటగదిలోనే దొరికింది. మధ్యాహ్న భోజనానికి ఒక్కో పిల్లవాడికి ఎంత అన్న కొలత ఉంటుంది. ప్రాథమిక తరగతులకు బియ్యం 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది దాకా 150. పప్పు 20, 30. కూరగాయలు 50, 75. నూనె 5, 7.5. ఈ అంకెలు బోర్డు మీద రాసి, "చిన్నపిల్లలకు అన్యాయం జరుగుతోందా?" అని మాత్రం అడిగాను. ఒకరు బియ్యంలో 50 గ్రాములు తేడా, పప్పులో పదే తేడా, కాబట్టి బియ్యంలోనే అన్యాయం ఎక్కువ అన్నారు. ఇంకొకరు లేదు, అన్నీ ఒకటే అన్నారు. ఎలా ఒకటే? రెండు పాళ్లు వాళ్లకు, మూడు పాళ్లు మనకు, ఏది తీసుకున్నా అంతే. 2:3 అనే మాట నేను పలకక్కర్లేకపోయింది. అప్పుడు రెండో పట్టీ ఇచ్చాను: కేలరీలు 450, 700. మాంసకృత్తులు 12, 20. ఇవి రెండుకు మూడు రాలేదు. ఎందుకు రాలేదని గొడవ. వంటమ్మను కూడా అడిగి వచ్చారు. "నాకు గ్లాసు కొలతే తెలుసు, ఆ కేలరీలు మీ మేడమ్‌ను అడగండి" అందట ఆవిడ.

ఇక గాజుల సంగతి. దశాంశాల్లో ఏటా ఒకే తిరకాసు: 2.8, 2.10ల్లో ఏది పెద్దదంటే 2.10 అంటారు, పది ఎనిమిది కంటే పెద్దది కాబట్టి. నవంబరులో ఇది బాగానే సర్దుకుంది. 2.10 అంటే 2.1 అని అందరి పలకల మీదా వచ్చింది. సంతోషించాను. మర్నాడు ఒకమ్మాయి లేచి, "కానీ మేడమ్, గాజుల్లో రెండు పది పెద్దది. మా అమ్మవి రెండు పది, నావి రెండు నాలుగు" అంది. మగపిల్లలు ఆ పిల్లను వెక్కిరించారు. ఆడపిల్లలంతా ఆ పిల్ల వైపు చేరారు.

డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం జరిపారు. నేను ఆ తగవును ఆ రోజు దాకా తేల్చకుండా ఉంచాను. పట్నంబజారులో వేర్వేరు సైజుల మెటల్ గాజులు కొన్నాను. మట్టిగాజులైతే పిల్లల చేతుల్లో పగులుతాయి. దర్జీలు వాడే టేపులు కూడా కొన్ని తెచ్చాను. ఇవన్నీ కలిపి నాలుగు వందల లోపే. ఉపన్యాసాలయ్యాక మా తరగతి గదిలో తల్లుల చేతికి గాజులు, పిల్లల చేతికి టేపులు ఇచ్చి, "రెండు ఎనిమిది అంటే ఎంత?" అని అడిగాను.

మొదట ఎవరూ కదలలేదు. తర్వాత ఒక నాయనమ్మ లోపలి వ్యాసం మీద టేపు పెట్టించి, "ఇదిగో, రెండున్నర అంగుళాలు" అంది. మనవడు ఒప్పుకోలేదు. రెండు పాయింటు ఎనిమిది ఉండాలి, సరిగ్గా కొలవలేదన్నాడు. మళ్లీ కొలిచారు. రెండున్నరే. రెండు నాలుగు గాజు కొలిస్తే రెండుంబావు. ఎనిమిదికి అర, నాలుగుకు పావు. అలాగైతే ఎన్నిటికి ఒక అంగుళం నిండుతుంది? ఒక మూల నుంచి "పదహారు!" అని అరుపు వినిపించింది. అరిచింది పిల్లలు కాదు, ఇళ్లల్లో పని చేసుకునే ఒక తల్లి. ఆవిడ వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గదంతా చప్పట్లు.

గాజుల మీద అంకె దశాంశం కాదు, అంగుళంలో పదహారో వంతులు. రెండు పది అంటే రెండూ పది బై పదహారు. అందుకే అది రెండు ఎనిమిది కంటే పెద్దది. ఆ అమ్మాయి చెప్పిందీ నిజమే, పలకల మీద రాసిందీ నిజమే. దాని మీద ఇంకో ప్రశ్న వచ్చింది: రెండు పద్నాలుగు తర్వాత ఏమిటి? రెండు పదహారు ఉండదు, మూడు అయిపోతుంది. ఇది చెప్పింది నాయనమ్మ మనవడే. భిన్నాలు, దశాంశాలు, మిశ్రమ భిన్నాలు మూడూ ఒక గాజులో దొరికాయి. మార్చిలో వృత్త పరిధికీ అవే గాజులు, ఒక దారపు ఉండ వాడుకున్నాను. π విలువ 3.14 కాబట్టి ‘పై’ దినం మార్చి 14 అని పిల్లలకు ఊరించి చెప్పాను, తీరా ఆ రోజు హోలీ సెలవు. ముందు రోజే కానిచ్చాం.

అన్నీ ఇలాగే సాగాయనుకోకండి. తరగతిలో ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయికి ఈ పద్ధతి అస్సలు నచ్చలేదు. ఆ పిల్లకు సూత్రం ముందే వచ్చు. "జవాబు తెలిసీ ఎందుకు ఊరుకోవాలి మేడమ్?" అని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు జవాబు ఎంచుకుని దాన్ని ఎదుటివాళ్లు నమ్మేలా వాదించమన్నాను. కొన్నాళ్లకు అందులో ఆరితేరింది, కానీ ఇష్టపడిందని చెప్పలేను. ఎక్కాలు రాని పిల్లలు పది మంది దాకా ఉన్నారు. వాళ్లకు ఏ తగవూ ఉపయోగపడలేదు. ఏడెనిమిదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకునే లోపు చర్చ ముగిసిపోతుంది. వాళ్ల కోసం రోజూ ప్రార్థన తర్వాత అయిదు నిమిషాలు పాతకాలపు పద్ధతిలో ఎక్కాలు వల్లె వేయించాను. కంఠస్థం అనగానే ముఖం చిట్లించే వాళ్లతో నాకు పేచీ ఉంది. ఎక్కాలు కంఠస్థమే కావాలి, వేరే దారి లేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత హాజరు పడిపోతుంది. ఇది మిరప కాలం. పిల్లల్లో కొందరి నాన్నలు మిర్చి యార్డులో హమాలీలు, కొందరి అమ్మలు తొడిమలు తీసే పనికి వెళతారు. పెద్దపిల్లలు ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవడానికి ఆగిపోతారు. ఆ ఏడాది ధర కూడా పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. తాతకు ఎకరంన్నర మిరప తోట ఉన్న ఒక అబ్బాయి, కిందటేడు మంచి సరుకు ఇరవై వేలు పలికిందని చెప్పాడు. ఇరవై వేల నుంచి 11,781కి దిగితే ఎంత శాతం తగ్గినట్టు? సుమారు 41 అని పలకల మీద వచ్చింది. "సరే, వచ్చే ఏడాది 41 శాతం పెరిగితే తాత పాత ధర చూస్తాడా?" చూస్తాడు అని దాదాపు అన్ని పలకలూ లేచాయి. వేసి చూశారు. పదహారు వేల ఆరు వందల చిల్లర దగ్గర ఆగింది. మూడు వేలకు పైగా ఎక్కడికి పోయింది? మళ్లీ లెక్క వేశారు, మళ్లీ అంతే. పాత ధర రావాలంటే దాదాపు 70 శాతం పెరగాలి. "పడేటప్పుడు 41, లేచేటప్పుడు 70, ఇదేం న్యాయం మేడమ్?" అన్నాడు ఆ అబ్బాయి. రెండు శాతాలూ వేర్వేరు మొత్తాల మీద తీసినవని తేల్చుకోవడానికి వాళ్లకు రెండు పీరియడ్లు పట్టింది. నేను బోర్డు మీద చెప్పి ఉంటే పది నిమిషాల పని. వాడు మర్నాడు ఆ లెక్క కాగితాన్ని తాతకు చూపించడానికి ఊరు తీసుకెళ్లాడు.

సమయం గురించి ఒక మాట. ఈ పద్ధతిలో ప్రతి పాఠమూ ఎక్కువ రోజులు తింటుంది. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాక పీరియడు కుదించుకుపోయింది. చివరి రెండు పాఠాలు పాత పద్ధతిలో బోర్డు మీద పరుగెత్తించాను. వాటిలో పిల్లలు బాగా రాయలేదు.

ఏప్రిల్‌లో వార్షిక పరీక్ష. మధ్యస్థంగా ఉన్న పిల్లలు బాగా పుంజుకున్నారు. జవాబు తప్పయినా దారి రాసినవాళ్లు పెరగడంతో సగం మార్కులైనా వచ్చాయి. పైవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఎక్కాలు రాని పదిమందిలో ముగ్గురు నలుగురు గట్టెక్కారు, మిగతావాళ్లు లేదు. జూన్‌లో "లెక్కలో అంతే వస్తుంది" అన్న అబ్బాయి భిన్నాల ప్రశ్నలో జవాబు కింద చిన్న అక్షరాలతో "ఇది ఒకటి కంటే ఎక్కువ, సరిపోయింది" అని రాశాడు. పరీక్షలో అలా రాయమని ఎవరూ అడగరు, దానికి మార్కులూ ఉండవు.

ఏడాది ఖర్చు దాదాపు రెండు వేలు, అంతా నా చేతి నుంచే. బడి నిధుల్లోంచి ఇస్తామన్నారు, రసీదులు ఇచ్చాను, ఇంకా రాలేదు. చింతపిక్కలు దాచుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: మూత బిగించిన డబ్బాలో పెడితే లోపల పురుగు పడుతుంది. ఒక డబ్బా నేను పారబోయాల్సి వచ్చింది. రెండు రోజులు ఎండబెట్టి, వేపాకు వేసి గుడ్డసంచిలో కట్టండి.

ఆ పిల్లలు ఎనిమిదికి వెళ్లారు, వాళ్లకు లెక్కలు వేరేవాళ్లు చెబుతారు. నాకు మళ్లీ ఏడో తరగతే ఇస్తారని అంటున్నారు. ఈసారి గాజులు డిసెంబరు దాకా ఆపను, జూలైలోనే తీస్తాను. వరండా చివరి గది కోసం అర్జీ మాత్రం ఇప్పుడే రాసి ఇచ్చాను.